ప్రెసిడెంటు గారిని దించేదెవరు?

మా గూడెం కొత్తవీధి వైపు ప్రెసిడెంటు అంటే రాష్ట్రపతి కాదు, అమెరికా అధ్యక్షుడు అంతకన్నా కాదు. సర్పంచ్. మద్రాసు రాష్ట్రం నాటి చట్టాల్లో పంచాయతీ పెద్దకి ఉన్న పేరు అదే. 1964 చట్టం వచ్చి అతన్ని సర్పంచ్ అంది గానీ, జనం మాత్రం ప్రెసిడెంటు దగ్గరే ఆగిపోయారు. ఆంధ్రలో చాలా పల్లెల్లో ఇప్పటికీ అంతే. ఇక మండలానికి పెద్దని ఎంపీపీ అంటాం, ఆ చివరి 'పీ' కూడా ప్రెసిడెంటే. కాబట్టి ఎన్నికైన ప్రెసిడెంట్లు పదవీకాలం ముగియకముందే ఎందుకు దిగిపోతారు అన్న ప్రశ్న మనకి మరీ దూరపు విషయమేం కాదు.

దూరంగా ఉన్నవాళ్ళు దీని మీద చాలా రాశారు. ముఖ్యంగా లాటిన్ అమెరికా గురించి. 1990లో హువాన్ లింజ్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఒక వ్యాసం రాసి పెద్ద చర్చ లేవదీశాడు. ఆయన వాదన సులువుగా చెప్పాలంటే ఇది: ప్రధానమంత్రి పద్ధతిలో నాయకుడి మీద నమ్మకం పోతే సభ అతన్ని మార్చేస్తుంది, ప్రభుత్వం మారుతుంది తప్ప వ్యవస్థ కూలదు. అధ్యక్ష పద్ధతిలో నాలుగేళ్ళో ఐదేళ్ళో అని గడువు రాసిపెట్టి ఉంటుంది. సభ నన్నూ జనమే ఎన్నుకున్నారంటుంది, అధ్యక్షుడు నన్నూ జనమే ఎన్నుకున్నారంటాడు. ఇద్దరికీ పడకపోతే తీర్పు చెప్పే మూడోవాడు ఉండడు, చివరికి సైన్యం వస్తుంది.

తర్వాత జరిగింది మాత్రం కొంచెం వేరు. అక్కడ సైన్యాలు బారక్స్‌లోనే ఉన్నాయి, అధ్యక్షులు మాత్రం పడిపోతూనే ఉన్నారు. కాథరిన్ హాక్‌స్టెట్లర్ అనే పరిశోధకురాలు దక్షిణ అమెరికాలో 1978 నుంచి 2003 దాకా లెక్క తీస్తే, ఎన్నికైన అధ్యక్షుల్లో 40 శాతం మందిని మధ్యలోనే దించాలని సైన్యంతో సంబంధం లేనివాళ్ళే గట్టిగా ప్రయత్నించారని, 23 శాతం మంది నిజంగానే దిగిపోయారని తేలింది. ఆమె గమనించిన ముఖ్యమైన విషయం: సభలో జరిగే గొడవ ఒక్కటే సరిపోదు, వీధిలో జనం ఉన్నారా లేదా అన్నదే చాలాసార్లు తేల్చేసింది. అనిబాల్ పెరెజ్-లిన్యాన్ ఇంకో మాట చేర్చాడు. అధ్యక్షుడికి సభలో ఒక డాలు ఉండాలి, అంటే తనని కాపాడటానికి చాలినంత మంది సభ్యులు. కుంభకోణం, ధరలు, ఊరేగింపులు ఎన్ని వచ్చినా ఆ డాలు ఉంటే తట్టుకుంటాడు. అది లేకపోతే ఏ చిన్న కారణమైనా చాలు. ఈక్వడార్‌లో 1997లో అబ్దలా బుకరామ్‌ని 'మానసిక అసమర్థత' అని దించేశారు, డాక్టరు సర్టిఫికెట్ కూడా లేకుండా. 2012లో పరాగ్వే సెనేట్ ఫెర్నాండో లూగోకి తన వాదన చెప్పుకోవడానికి ఇచ్చింది రెండు గంటలు.

ఇవన్నీ చదువుతున్నంతసేపూ నా బుర్ర మాత్రం హైదరాబాద్ చుట్టూనే తిరిగింది. 1984 ఆగస్టు, 1995 ఆగస్టు. ఒకటి నేను పుట్టకముందు జరిగింది, రెండోది ఊహ సరిగ్గా తెలియనప్పుడు. మనిషి ఒక్కడే, పదవి ఒక్కటే, రాష్ట్రం ఒక్కటే. మొదటిసారి దించినవాళ్ళు 31 రోజులకి మించి నిలవలేకపోయారు. రెండోసారి దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. ప్రయోగశాలలో కూడా ఇంత శుభ్రంగా పోల్చడానికి వీలయ్యే జంట దొరకదు.

ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కదా, అధ్యక్షుడు ఎలా అవుతాడు అనొచ్చు. కాగితం మీద నిజమే. కానీ 1983ని తలుచుకోండి. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, తొమ్మిది నెలల్లో 294 సీట్లలో దాదాపు 200 గెలిచిన ఆ ఎన్నికలో ఓటరు తన నియోజకవర్గం అభ్యర్థి ముఖం చూసి ఓటేశాడా? చాలామంది అభ్యర్థులు రాజకీయాలకి కొత్తవాళ్ళు. ఓటు పడింది చైతన్యరథం మీద నిలబడ్డ మనిషికి. అంతకుముందు 1978 నుంచి 1983 దాకా ఒక్క అసెంబ్లీ కాలంలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. వాళ్ళని ఎమ్మెల్యేలు కాదు, ఢిల్లీ మార్చింది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యకి జరిగిన అవమానం ఆ పద్ధతికి చిహ్నంగా మిగిలిపోయింది. 'తెలుగువాడి ఆత్మగౌరవం' అన్న నినాదం కింద ఉన్న అసలు కోరిక, నా ఉద్దేశంలో, మేం ఎన్నుకున్నవాణ్ణి ఇంకెవరూ మార్చకూడదు అన్నదే. అంటే పార్లమెంటరీ పద్ధతిలోనే ఉండి జనం మనసులో ఒక అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు.

నిజానికి మన దగ్గర సభ తన నాయకుణ్ణి దించడం కొత్త కాదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారిని 1947లో మద్రాసులో సొంత కాంగ్రెస్ శాసనసభ్యులే దించారు. 1954 నవంబర్‌లో ఆంధ్ర రాష్ట్రం ముఖ్యమంత్రిగా ఉండగా మద్యనిషేధం విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. తుపాకీకి రొమ్ము చూపించిన మనిషిగా పాఠ్యపుస్తకాల్లో నిలిచిన ఆయన్ని రెండుసార్లు మధ్యలోనే దించితే రాష్ట్రం అట్టుడికిపోలేదు. అప్పటికి ముఖ్యమంత్రి అంటే సభ పెట్టుకున్న మనిషి అని జనానికీ తెలుసు.

ఇప్పుడు 1984. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని ఆగస్టు 14న తిరిగొచ్చారు. పార్టీ పెట్టినప్పటినుంచీ తోడున్న ఆర్థిక మంత్రి నాదెండ్ల భాస్కరరావు, ఎక్కువమంది ఎమ్మెల్యేలు తన వెంట ఉన్నారని గవర్నరు రామ్‌లాల్‌కి చెప్పారు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలని రాజ్‌భవన్‌కే తీసుకెళ్ళారు, లెక్క పెట్టుకోమన్నారు. సభని పిలవండి, అక్కడే బలం నిరూపిస్తా అన్నారు. గవర్నరు లెక్కపెట్టలేదు, సభని పిలవలేదు. ఆగస్టు 16న బర్తరఫ్ చేసి భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. బలం నిరూపించుకోవడానికి భాస్కరరావుకి నెల రోజులు ఇచ్చారు. ఎన్టీఆర్‌కి ఒక రోజు కూడా లేదు.

ఇక్కడ ఒక విషయం మర్చిపోతుంటాం. అదే వేసవిలో, జూలై 2న, శ్రీనగర్‌లో ఇదే స్క్రిప్టు నడిచింది. గవర్నరు జగ్‌మోహన్ ఫరూఖ్ అబ్దుల్లాని తీసేసి, పార్టీ చీల్చిన జి. ఎం. షాని కూర్చోబెట్టారు. అక్కడ అది నిలబడింది. ఆరు వారాల తర్వాత హైదరాబాద్‌లో నిలబడలేదు. ఒకే కోడ్ ఒక సర్వర్ మీద నడిచి ఇంకో సర్వర్ మీద క్రాష్ అయితే మేం ముందు చూసేది కోడ్‌ని కాదు, చుట్టూ ఉన్న వాతావరణాన్ని. ఏం తేడా ఉంది?

మొదటిది డాలు. ఎన్టీఆర్ వైపు 160 మందికి పైగా ఎమ్మెల్యేలు నిలబడ్డారు. నిలబడ్డారు అనడం కన్నా నిలబెట్టారు అనడం సరైనది. వాళ్ళని కర్ణాటకకి తరలించారు. అక్కడ ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే, కాంగ్రెస్‌కి అందని ప్రభుత్వం. నంది హిల్స్‌లో ఎమ్మెల్యేలు వారాల తరబడి ఉన్నారు. ఈ రోజు మండలాధ్యక్ష ఎన్నికకి ఎంపీటీసీలని రిసార్టుకి పట్టుకెళ్ళి 'క్యాంపు' అంటాం చూశారా, దాన్ని మనకి అలవాటు చేసింది అదే. ప్రజాస్వామ్యాన్ని కాపాడిన ఆయుధమే తర్వాత ప్రజాస్వామ్యాన్ని గొర్రెల మందలా తోలడానికి పనికొచ్చింది. ఆ ఎమ్మెల్యేలని అప్పట్లో అంత కాపలాలో ఎందుకు ఉంచాల్సి వచ్చిందంటే, పార్టీ మారితే పదవి పోయే చట్టం అప్పటికి లేదు. పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చింది 1985లో, ఈ గొడవ తర్వాతే.

రెండోది వీధి. బందులు, ఊరేగింపులు, పోలీసు కాల్పులు, ప్రాణనష్టం. దేశంలోని ప్రతిపక్ష నాయకులంతా హైదరాబాద్ వచ్చారు. ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో, ఎమ్మెల్యేలని వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందుకి వెళ్ళారు. రామ్‌లాల్ తప్పుకున్నారు, శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబర్‌లో సభ కూడినా భాస్కరరావు బలం నిరూపించుకోలేకపోయారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణస్వీకారం చేశారు. ఆ డిసెంబర్‌లో ఇందిర హత్య తర్వాత దేశమంతా రాజీవ్ వెంట నడిస్తే, తెలుగుదేశం 30 లోక్‌సభ సీట్లతో అతిపెద్ద ప్రతిపక్షం అయింది. మళ్ళీ ఇలాంటి దృశ్యం కొరియాలో కనిపిస్తుంది. 2004 మార్చిలో సభ రో మూ-హ్యూన్‌ని అభిశంసించింది. నెల తిరిగేసరికి ఎన్నికల్లో జనం ఆయన పార్టీకే మెజారిటీ ఇచ్చారు. మేలో రాజ్యాంగ న్యాయస్థానం ఆయన్ని తిరిగి కూర్చోబెట్టింది. డాలు లేకపోతే జనమే కొత్త డాలు చేసిచ్చారు.

పదకొండేళ్ళు ముందుకి. 1994 డిసెంబర్‌లో తెలుగుదేశానికి ఒంటరిగా 216 సీట్లు, అంటే 1983 కన్నా పెద్ద గెలుపు. తొమ్మిది నెలలు నిండకుండానే సొంత ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది అల్లుడు చంద్రబాబు నాయుడి వెంట టాంక్‌బండ్ దగ్గరి వైశ్రాయ్ హోటల్లో ఉన్నారు. లక్ష్మీపార్వతి జోక్యం పార్టీని ముంచుతోంది అన్నది వాళ్ళ వాదన. ఎన్టీఆర్ అసెంబ్లీ రద్దుకి సిఫారసు చేశారు, గవర్నరు కృష్ణకాంత్ ఒప్పుకోలేదు. సభలో బలం చూపించుకోమన్నారు. 1984లో ఎన్టీఆర్ అడిగిందీ అదే కదా, సభలో లెక్కపెట్టమని. పైగా 1994 మార్చిలో బొమ్మై కేసు తీర్పు కూడా వచ్చేసింది, బలం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు సభలో అని. ఈసారి లెక్క ఆయనకి వ్యతిరేకంగా ఉంది. ఆగస్టు 31న రాజీనామా చేశారు. సెప్టెంబర్ 1న చంద్రబాబు ప్రమాణస్వీకారం. ఫిరాయింపుల చట్టం ఉన్నా పనికిరాలేదు, ఎందుకంటే శాసనసభా పక్షంలో ఎక్కువమంది ఒకవైపు ఉన్నప్పుడు ఫిరాయించింది ఎవరు? 1996 జనవరి 18న ఎన్టీఆర్ చనిపోయారు.

వీధి ఏమైంది? ఖాళీగా ఉంది. ఇది నాకు అర్థమయ్యేసరికి చాలాకాలం పట్టింది. 1984లో దించింది ఢిల్లీ, కనీసం జనం అలాగే చూశారు. బయటివాడు మన ఇంటి పెద్దని నెట్టేశాడు. 1995లో గొడవ ఇంట్లోది, కొడుకులు, అల్లుళ్ళు, భార్య. ఇంటి గొడవలో ఊరు తలుపు దగ్గర నిలబడి చూస్తుంది, లోపలికి రాదు. దానికి తోడు, ఎన్టీఆర్ నడిపిన తీరు కూడా డాలుని లోపలినుంచి తొలిచేసింది. 1989 ఫిబ్రవరిలో మొత్తం మంత్రివర్గాన్నే ఒక్క దెబ్బకి తీసేసిన మనిషి ఆయన. ఇతరుల పదవీకాలాలు కత్తిరించడంలో ఆయనా తక్కువ తినలేదు: ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి, కరణం మునసబు పదవుల రద్దు, పంచాయతీ సమితుల రద్దు, శాసనమండలి రద్దు. కొన్ని మంచి పనులే, నేను కాదనను. కానీ ఓట్లన్నీ నావే, మీరంతా నా వల్లే గెలిచారు అనే నాయకుడి దగ్గర ఎమ్మెల్యేకి పోగొట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఈ రెండిటికీ తెలుగులో ఒకే మాట వాడతాం: వెన్నుపోటు. ఆ మాట మీద నాకు పేచీ ఉంది. 1984లో నియమం తప్పారు, అందుకే సరిదిద్దగలిగాం. 1995లో నియమం ప్రకారమే జరిగింది, ఇష్టం ఉన్నా లేకపోయినా. మూడు దశాబ్దాలుగా పార్టీలు ఒకరినొకరు ఆ మాటతో పొడుచుకుంటున్నాయి. ఓటరు వైపు నుంచి చూస్తే మాత్రం ఆ మాటలో ఒక న్యాయం ఉంది. నేను ఆయనకి ఓటేశాను, మీరు మార్చారు, నన్నెవరడిగారు? పద్ధతి పార్లమెంటుది, ఓటరు మనసు అధ్యక్షుడిది. ఆ రెండిటి మధ్య సందులోనే మన రాష్ట్రంలో ముఖ్యమంత్రుల గొడవలన్నీ పడి ఉన్నాయి.

ఈ సందుని మండలం స్థాయిలో చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మా గూడెం కొత్తవీధి మండలం 1985లో, సమితులు పోయి మండలాలు వచ్చినప్పుడు పుట్టింది. 1987లో జరిగిన మొదటి ఎన్నికల్లో మండలాధ్యక్షుణ్ణి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ఎన్టీఆర్ తనలాంటి చిన్న అధ్యక్షుల్ని ఊరూరా తయారు చేశారన్నమాట. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. మధ్య స్థాయి, జిల్లా స్థాయి పెద్దలని సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలి అంది. గ్రామ స్థాయి మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. దాంతో 1995 నుంచి ఎంపీపీని ఎన్నుకునేది ఎంపీటీసీలు. సర్పంచ్‌ని మాత్రం ఇప్పటికీ జనమే. ఒకే మండలంలో, ఒకే రోడ్డు మీద, ఒకరు ప్రధానమంత్రి పద్ధతి, ఒకరు అధ్యక్ష పద్ధతి.

కాబట్టి దించే దారులు కూడా వేరు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఎంపీపీ మీద అవిశ్వాసం పెట్టొచ్చు. మొత్తం సభ్యుల్లో సగం మంది సంతకం, మూడింట రెండొంతుల మంది మద్దతు, కానీ నాలుగేళ్ళు నిండేదాకా కాదు. ఆ నాలుగేళ్ళు ఎప్పుడు నిండుతాయా అని క్యాలెండరు చూసుకునేవాళ్ళుంటారు. విశాఖ నగరంలో కూడా ఇదే జరిగింది. 2021 మార్చిలో మేయరైన గొలగాని హరి వెంకటకుమారికి నాలుగేళ్ళు నిండగానే నోటీసు వెళ్ళింది, 2025 ఏప్రిల్ 19న సరిగ్గా కావలసిన 74 ఓట్లతో తీర్మానం నెగ్గింది. కార్పొరేటర్ల క్యాంపు ఈసారి నంది హిల్స్‌లో ఆగలేదు, మలేషియా దాకా పోయింది. ఆమె పాలన బాగుందా లేదా అన్నది ఆ నెలరోజుల్లో ఎక్కడా పెద్దగా చర్చకి రాలేదు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, డాలు అటునుంచి ఇటు జరిగింది. అంతే. పెరెజ్-లిన్యాన్ చూసి ఉంటే ఆశ్చర్యపోయేవాడు కాదు.

కొండల మీద దీనికి ఇంకో పాత పొర ఉంది. ఇక్కడ ఎన్నికలు లేని రోజుల్లో పెద్దరికం ముఠాదార్లది. ఆ పెద్దరికం వంశంలో వచ్చేదే అయినా, బ్రిటిష్‌వాళ్ళు దాన్ని సనదు కింద పెట్టారు, అంటే విధేయంగా ఉన్నంతకాలమే. ఎవరిని ఉంచాలో ఎవరిని తీసేయాలో నర్సీపట్నం వైపు కచేరీలో తేలేది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ళలో అలా అధికారుల చేతిలో పెద్దరికం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. గాం సోదరులు గంటందొర, మల్లుదొరలని మర్చిపోలేం. గంటందొర 1924లో పోరాటంలోనే పోయాడు. జైలుకి వెళ్ళొచ్చిన మల్లుదొర 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. సనదు మీద కాదు, ఓటు మీద. ముఠాలు చట్టప్రకారం రద్దయింది 1969లో. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పంచాయతీ పెద్దల పదవులన్నీ గిరిజనులకే అని పెసా చట్టం చెప్పింది 1996లో.

అయితే సర్పంచ్ విషయానికి వస్తే నాకు ఆ సనదు గుర్తొస్తుంది. జనం నేరుగా ఎన్నుకున్నాడు కాబట్టి సర్పంచ్ మీద అవిశ్వాసం లేదు. వార్డు సభ్యులంతా ఏకమైనా ఉపసర్పంచ్‌ని దించగలరు గానీ సర్పంచ్‌ని కాదు. బాగానే ఉంది. కానీ కలెక్టరు సస్పెండ్ చేయొచ్చు, తీసేయొచ్చు. మధ్యప్రదేశ్‌లో మునిసిపల్ అధ్యక్షుణ్ణి ఓటర్లే మళ్ళీ ఓటేసి వెనక్కి పిలిచే పద్ధతి పాతికేళ్ళ కిందే వచ్చింది. హర్యానా 2020లో సర్పంచ్‌ల విషయంలో అలాంటి హక్కు ఇచ్చింది. మన చట్టంలో ఎన్నుకున్నది ఓటరు, దించేది ఆఫీసరు. ఎన్నుకున్నవాళ్ళకి దించే హక్కు లేకపోవడం, ఎన్నుకోనివాళ్ళకి ఉండటం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు. నాలుగేళ్ళ తర్వాతైనా సరే, గ్రామసభకి ఆ హక్కు ఉండాలంటాను. పెసా గ్రామసభ గురించి అన్ని మాటలు చెప్పింది కదా.

అసలు దించాల్సిన అవసరం లేని దారి కూడా ఉంది. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు ముగిసింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. గడువులోగా కొత్త పాలకవర్గం రావాలని రాజ్యాంగం చెబుతుంటే, రెండున్నరేళ్ళు స్పెషల్ ఆఫీసర్లు నడిపారు. ఎవరినీ దించలేదు, ఎవరినీ ఎక్కనివ్వలేదు.

ఇంకొకటి మరీ నిశ్శబ్దమైనది, చెక్ పవర్. పంచాయతీ డబ్బు కదలాలంటే సర్పంచ్ సంతకం కావాలి. ఆరోపణ వస్తే ఆ అధికారాన్ని ఆపేయొచ్చు. అప్పుడు నోటిఫికేషన్ ఉండదు, క్యాంపు ఉండదు, ఓటింగ్ ఉండదు, పేపర్లో జిల్లా పేజీలో మూడు లైన్లు వస్తాయి. ఆగస్టు పదిహేనుకి జెండా ఎగరేసేది ఆయనే, పెళ్ళి కార్డు మీద పేరు ముందు రాసేదీ ఆయనకే. బోరు బాగు చేయించమని అడగడానికి వచ్చినవాళ్ళు కూడా, అలవాటు కొద్దీ, ప్రెసిడెంటు గారూ అనే పిలుస్తారు.